కందెన వేయని బండి, శాలువా కప్పే సంఘం

కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి. కోపం వస్తే కామెంట్లో తిట్టండి, గ్రూపు మాత్రం వదిలిపోవద్దు.

పోయిన నెల కార్యవర్గ సమావేశంలో మేము నలుగురం ఒక మాట పెట్టినాం. నెలకొక ఆదివారం మన హాలు ముందర పిల్లలకి బైకు చూసుకోవడం నేర్పిద్దామని. చైను, బ్రేకు, ఆయిలు, టైరు, ప్లగ్గు. అంతే. ఐదు నిమిషాల్లో కొట్టేసినారు. "ఇది భాషా సంఘమా, షెడ్డా?" అని ఒక పెద్దాయన అంటే అందరూ నవ్వినారు. మేమూ నవ్వినాం. ఇంటికి పోయినాక నవ్వు రాలేదు.

ఏ ఊర్లో ఉండి ఈ మాట అంటున్నాం? 1980లో టీవీఎస్ 50 బయటికి వచ్చింది ఈ హోసూరు నుంచే. బండ్లు చేసే ఊర్లో ఉండి మన పిల్లలకి చైను బిగించడం రాదు.

మొన్న డెంకణికోట రోడ్డులో రాత్రిపూట మన సభ్యుల ఇంటి పిల్లవాడి చైను ఊడి ఇరుక్కుంది. వెనక చక్రం పట్టేసింది. వెనకాల లారీ రాలేదు కాబట్టి మోకాలి తోలుతో పోయింది. ఆ చైను నెలరోజులుగా టకటకమంటానే ఉందంట. మన ఉగాది సామెతల పోటీలో "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెప్తారు, మనం చప్పట్లు కొడతాం.

అదేమైనా పెద్ద విద్యా? ఇంజన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, కింది చైను నడుమ వేలితో ఆడించి చూడాలి. మామూలు బండ్లలో సుమారు రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి, సరైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చైను అంతటా ఒకే తీరుగా సాగదు కాబట్టి చక్రం తిప్పుకుంటా నాలుగు చోట్ల చూడాలి. వదులైతే ఇరుసు నట్టు సడలించి, రెండు పక్కలా గుర్తులు సమానంగా వచ్చేటట్టు చక్రాన్ని వెనక్కి లాగాలి. అప్పుడు డ్రమ్ము బ్రేకు రాడ్డు బిగుసుకుంటుంది, దాన్నీ మళ్ళీ సరిచేయాలి. చాలామంది మరిచేది ఇదే. ఇంకొకటి, ఇంజన్ నడుస్తా ఉంటే గుడ్డతో చైను తుడవకూడదు, వేళ్ళు పోతాయి. ఇదంతా ఒక్క పొద్దున నేర్పొచ్చు.

ఇక భాష సంగతి. బడుల్లో తెలుగు కోసం 2006 చట్టం వచ్చినప్పటినుంచి కొట్లాడుతున్నాం, అందులో రాజీ లేదు. అయితే ఇరుసు, కందెన, సీల, చక్రం ఆకులు అనే మాటలు మన తాతల ఎద్దులబండి నుంచి వచ్చినవి. వాటిని పద్యాల పోటీ కాపాడదు. చేతికి గ్రీజు అంటుకున్నప్పుడు నోటికి వస్తే బతుకుతాయి.

అసలు అడ్డం భాష కాదు, మనకు తెలుసు. "మెకానిక్కు పని మన పిల్లలకెందుకు" అని సమావేశం అయినాక మెట్ల మీద ఒకరు మెల్లగా అన్నారు. నిజం అక్కడ బయటపడింది. బస్టాండు దగ్గర షెడ్డాయన తెలుగు, తమిళం, కన్నడం మూడూ గడగడా మాట్లాడతాడు. ఆయన్ని మన వేదిక మీదికి ఎన్నడైనా పిలిచినామా? హైదరాబాదు నుంచి వచ్చినాయనకైతే శాలువా, కారు బాడుగ.

మనం నేర్చుకుంటే షెడ్డువాళ్ళ కడుపు కొట్టినట్టని ఇంకొకరు దయ చూపించినారు. ఇంజన్ విప్పడం, డిస్కు బ్రేకు లోపలి పని వాళ్ళదే, మేము దాని జోలికి పోము. నేర్పేదీ వాళ్ళే. ఒక శాలువా, పూలదండ ఖర్చు వాళ్ళ చేతికి ఇస్తే సరిపోతుంది. ఆడపిల్లలనూ పిలుస్తాం. స్కూటీకి చైను లేకపోయినా టైరు, బ్రేకు, ఆయిలు ఉన్నాయి కదా.

వచ్చే సమావేశంలో ఈ తీర్మానం మళ్ళీ పెడుతున్నాం. కాదనేవాళ్ళు నవ్వి ఊరుకోకుండా, కారణం చెప్పి మినిట్సు పుస్తకంలో రాయించండి.