ఇద్దరం బయల్దేరి, ఒక్కదాన్నే నడిచి



పోయిన నెల గ్రూపులో నా కామినో ఫోటోలు చూసి "మేమూ వెళ్తాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" అని చాలామంది అడిగారు. ఒకరిద్దరు మాత్రం "అన్నయ్యగారు సగం ఫోటోల్లో లేరేంటి?" అన్నారు. రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. అందుకే ఈసారి కబుర్లు దాని గురించే.

తెలియనివాళ్ల కోసం ముందు నాలుగు మాటలు. స్పెయిన్‌కి వాయవ్య మూల సాంతియాగో దే కాంపోస్తేలా అనే ఊరుంది. అక్కడి కథీడ్రల్‌లో ఏసుక్రీస్తు శిష్యుడు యాకోబు సమాధి ఉందని నమ్మకం. వెయ్యేళ్లకు పైగా జనం అక్కడికి నడిచి వెళ్తున్నారు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి నడిస్తే దాదాపు 780 కిలోమీటర్లు, నెల పైనే పడుతుంది. మనలా లీవులు లెక్కబెట్టుకునేవాళ్లు సారియా నుంచి మొదలుపెడతారు, అక్కణ్ణుంచి సుమారు 115 కిలోమీటర్లు. కనీసం 100 కిలోమీటర్లు నడిచి, దారిలో యాత్రికుల పుస్తకంలో ముద్రలు వేయించుకుంటే చివర్లో పత్రం ఇస్తారు. అన్ని మతాలవాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ నడుస్తారు. అలిపిరి మెట్లెక్కిన కాళ్లే కదా అని మేమూ బయల్దేరాం.

ప్లానంతా మావారిదే. ఎక్సెల్ షీటు వేశారు. మొదటిరోజు పోర్తోమరీన్, రెండోరోజు పలాస్ దే రేయ్, తర్వాత అర్జువా, ఓ పెద్రోజో, ఐదోరోజు సాంతియాగో. ఆరోరోజు ఫ్లైటు. ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. అదీ మా మొదటి తప్పు. రెండో తప్పు, ప్రయాణానికి రెండు వారాల ముందు ఆయనకి కొత్త బూట్లు కొనడం.

మొదటిరోజు హాయిగా గడిచింది. పసుపు బాణాలు చూసుకుంటూ వెళ్లడమే, దారి తప్పే పనే లేదు. పోర్తోమరీన్ పాత ఊరు డ్యామ్ కింద మునిగిపోతే చర్చిని రాయి రాయీ విప్పి పైకి తెచ్చి కట్టారట. శ్రీశైలం ప్రాజెక్టప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురం తరలించారు కదా, అదే గుర్తొచ్చింది.

రెండోరోజు రాత్రి ఆయన సాక్సు తీస్తే మడమ దగ్గర తడిగా, ఎర్రగా ఉంది. నాణెమంత బొబ్బ, చిట్లిపోయింది. "నొప్పి లేదా?" అంటే "లేదే" అన్నారు. నాకు గుండె ఝల్లుమంది. ఆయనకి ఎనిమిదేళ్లుగా షుగర్. షుగర్‌తో పాదాల నరాలు మొద్దుబారితే దెబ్బ తెలియదు, పుండు తొందరగా మానదు. రోజూ రాత్రి పాదాలు చూడాలని నాకు తెలుసు. మొదటిరోజు అలసిపోయి చూడలేదు. పొద్దున్నే క్లినిక్‌కి వెళ్తే నర్సు కట్టు కట్టి, ఇక నడవకూడదంది.

నేనూ ఆగిపోతానన్నాను. "ఇద్దరం ఆగితే నా కాలు తొందరగా మానుతుందా? నువ్వు నడువు. నేను బస్సులో వచ్చి సాయంత్రం కలుస్తా" అన్నారు. గంటసేపు వాదించుకున్నాం. ఆఖరికి ఏడుస్తూనే బయల్దేరాను. ఫోన్‌లో మా అత్తగారు "వాణ్ణి అలా వదిలేసి వెళ్లావా?" అన్నారు. ఆ మాట అర్జువా దాకా నాతోనే నడిచింది.

మర్నాడు జామాయిల్ చెట్ల మధ్య నడుస్తుంటే తట్టింది. పెళ్లయిన ఇరవై నాలుగేళ్లలో ఇన్ని గంటలు నేను ఒక్కదాన్నే ఎప్పుడూ లేను. తప్పు చేస్తున్నాననే బెంగ పూర్తిగా పోలేదు కానీ, నడక మాత్రం తేలికైంది.

ఇక మీ ప్లాను సంగతి. ఇద్దరిలో ఎవరి నడక నెమ్మదో వాళ్లని బట్టే రోజుకి ఎంత దూరమో వేసుకోండి. 115 కిలోమీటర్లని ఏడు రోజులకి పంచి, పైన ఒకటో రెండో రోజులు ఖాళీగా ఉంచండి. బూట్లు కనీసం రెండు నెలల ముందే కొని, వాటితోనే వారాంతాల్లో నడవండి. బరువు సంచుల్ని తర్వాతి ఊరికి చేర్చే సర్వీసులున్నాయి, మొహమాటపడకుండా వాడుకోండి. షుగర్ ఉంటే ముందు డాక్టర్ని అడగండి. నడిస్తే షుగర్ పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజ్ బిళ్లలు జేబులోనే ఉండాలి, సంచిలో కాదు. ఇన్సూరెన్సులో జబ్బు దాచకండి. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంజెన్ వీసా ముందే చూసుకోండి. శాకాహారులు అక్కడి సూపు తాగే ముందు అడగండి, అందులో పంది మాంసం వేస్తారు. నన్ను కాపాడింది బ్రెడ్డూ, చీజూ, నేను తీసుకెళ్లిన కరివేపాకు పొడీ.

అన్నిటికంటే ముఖ్యమైనది ఏ ఎక్సెల్ షీటులోనూ ఉండదు. ఒకరు ఆగిపోతే రెండోవారు ఏం చేయాలి? ఆ మాట ఇంట్లో కాఫీ తాగుతూ మాట్లాడుకోండి. పుండు చూశాక, భయంలో మాట్లాడుకుంటే అది పోట్లాటే అవుతుంది.

ఐదోరోజు కథీడ్రల్ ముందు చౌక్‌లో ఆయన చెప్పులేసుకుని నిలబడి ఉన్నారు. చేతిలో రెండు రోజుల ముద్రలే ఉన్న పుస్తకం. పత్రం నాకొక్కదానికే వచ్చింది. ఆయన దాన్ని చూడనే లేదు. "ముందు కూర్చో, కాళ్లు చూపించు" అన్నారు.

మడమ మానింది. వచ్చే ఏడాదికి మళ్లీ షీటు మొదలెట్టారు. ఈసారి అందులో రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి.

మళ్లీ నెల కలుద్దాం. మీ ఇంట్లో ఆ కాఫీ కబురు ఏమైందో రాస్తారు కదూ!