వేలంలో ఆడపిల్ల ఆట విలువెంత?

2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో మన అమ్మాయిలు అండర్-19 టీ20 ప్రపంచ కప్పు గెలిచారు. భద్రాచలం బిడ్డ గొంగడి త్రిష ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచింది. టోర్నీలో మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు. ఆ ప్రపంచ కప్పు చరిత్రలో తొలి సెంచరీ ఆమెదే. ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే.

అదే ఏడాది నవంబరులో మహిళా ప్రీమియర్ లీగ్ వేలంలో ఆమెకు పలికింది 10 లక్షలు. అంటే కనీస ధర! మగవాళ్ళ ఐ.పి.ఎల్.లో దేశానికి ఆడని కుర్రవాడి కనీస ధరే 30 లక్షలు. 2024లో పదమూడేళ్ళ వైభవ్ సూర్యవంశికి కోటీ పది లక్షలు పెట్టారు. ఆ పిల్లవాడి ప్రతిభను కాదనడం లేదు. అబ్బాయిలో రేపటి ఆటను చూడగలిగినవారికి, అమ్మాయి ఆడి చూపించిన ఆట ఎందుకు కనబడదు?

ఆడవాళ్ళ ఆటకు రాబడి తక్కువంటారు. మగవాళ్ళ లీగ్ 2008లో మొదలైతే మనకు 2023 దాకా లీగే లేదు. రాబడి ఎక్కడినుంచి వస్తుంది?

కడప శ్రీచరణికి అదే వేలంలో కోటీ ముప్పై లక్షలు వచ్చాయి. సంతోషమే. కానీ ఒకరిద్దరి ధర చూసి సంబరపడితే చాలదు. వాకాడులో కూతురు బ్యాటు అడిగితే తల్లిదండ్రులు లెక్కవేసుకునేది అట్టడుగు ధరనే. దాన్ని సమానం చేయమనడం దయకోసం అర్థించడం కాదు, హక్కును అడగడం.