జరిగిన తారీఖుకి ఫార్ములా పెట్టొద్దండి

ఫార్ములాలు ఎలా కొట్టాలో పైన వీడియోలో స్క్రీన్ మీద చూపించాను. వాటిని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నదాని మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను. దెబ్బ తిన్నాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

మాది ఆత్రేయపురం. వరి, గట్ల మీద కొబ్బరి. పీజీఎస్ గ్రూపులో ఉన్నాను. అందులో తోటి రైతులే వచ్చి పొలం, డైరీ చూస్తారని మీకు తెలిసిందే. కిందటేడు వాళ్లొచ్చినప్పుడు నేను గొప్పగా ఫోనులో షీటు తెరిచాను. జీవామృతం పారించిన 14 వరసల్లోనూ ఒకటే తారీఖు, అదీ ఆ రోజుదే! "ఏవండీ, పొద్దుటినుంచి పద్నాలుగు డ్రమ్ములు పోసేశారా?" అన్నారు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు గానీ సంతకం మాత్రం పెట్టలేదు.

తప్పు నాదే. రోజూ తారీఖు కొట్టడానికి బద్ధకించి 'టుడే' ఫార్ములా పెట్టి కిందికి లాగేశాను. షీటు తెరిచిన ప్రతిసారీ అది ఆ రోజు తారీఖే చూపిస్తుంది. నిన్న ఏం చూపించిందో దానికి గుర్తుండదు.

అందుకే జరిగిన పని తారీఖు చేత్తోనే కొట్టాలంటాను. కంప్యూటర్ అయితే కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ నొక్కండి, ఆ రోజు తారీఖు పడి అలాగే ఉండిపోతుంది. అలాగని ఫార్ములాలు వద్దని కాదు, జరగబోయే పనికి వాటంత సాయం ఇంకోటి లేదు. జీవామృతం కలిపిన తారీఖు ఒక గడిలో కొడితే, దానికి 2 కలిపిన గడి ఎప్పటికి సిద్ధమో చెబుతుంది. తయారయ్యాక వారం లోపు వాడేయాలి కాబట్టి 9 కలిపితే ఆఖరి రోజు. ఆ ఆఖరి రోజులోంచి 'టుడే' తీసేస్తే ఇంకెన్ని రోజులుందో తెలుస్తుంది. 'టుడే' ఉండాల్సింది ఆ ఒక్క గడిలోనే. (షీటుకి తారీఖంటే ఒట్టి అంకె. 2025 జూన్ 1 దాని లెక్కలో 45809. మీ గడిలో అలాంటి అంకె కనిపిస్తే కంగారు పడకండి, ఫార్మాట్‌ని తేదీకి మార్చండి.)

మన కోనసీమలో ఇది ఇంకా బాగా అక్కరకొచ్చేది వరికి. మృగశిర కార్తె ఏటా జూన్ 7, 8 ప్రాంతంలోనే వస్తుంది గానీ లొల్ల లాకులు దాటి మన కాలవలోకి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరు చెప్పగలరు? నేను నారు పోసిన తారీఖు ఒక్క గడిలో పెట్టి, నాట్లకి 25, స్వర్ణ కోతకి 150 కలుపుకున్నాను. నీళ్లు పది రోజులు ఆలస్యమైతే ఆ ఒక్క గడి మారిస్తే చాలు, మిగతావన్నీ జరుగుతాయి. పక్కనే 'జరిగింది' అని ఇంకో వరస పెట్టాను. అందులో ఫార్ములా ఉండదు.

ఇంకోటి. 05/06 అంటే మనకి జూన్ 5. అమెరికా పద్ధతిలో ఉన్న షీటుకి మే 6. గూగుల్ షీట్స్‌లో ఫైల్, సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేల్ ఇండియా చేసుకోండి. ముందే చేయాలండోయ్, తర్వాత చేస్తే పాత తారీఖులన్నీ మళ్లీ చూసుకోవాలి.

ఆ 14 వరసల సంగతి అడుగుతారేమో. డ్రమ్ము దగ్గర ఫోనుతో తీసిన ఫొటోల తారీఖులు చూసి 11 మళ్లీ రాశాను. మూడు దొరకలేదు. ఊహించి రాయబుద్ధి కాక ఖాళీగానే ఉంచి, గ్రూపు వాళ్లకి అదే మాట చెప్పాను. రెండోసారి వచ్చినప్పుడు సంతకం పెట్టారు.