అత్తగారి గాజులు - కోడలి చదువు



ఈ నెల నాకు వచ్చిన జాబులలో ధర్మసాగర్ నుండి యొక పెద్దామె వ్రాసినది అన్నిటికంటె పొడవైనది. దానిని మూడుమారులు చదివితిని. ఆమె చిన్నకోడలు గణితము ప్రధానముగా బి.ఎస్సీ. ఉత్తీర్ణురాలైనది, కాపురమునకు వచ్చి రెండేండ్లయినది. ఆ పిల్ల యిప్పుడు "డేటా సైన్సు" నేర్చెదనని పట్టుపట్టినదట. జాబుతో రెండు కాగితములను జతపఱచిరి. మొదటిది ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రమువారి ప్రకటన. అందు ఐదు దినముల శిక్షణ, స్వల్ప రుసుము. రెండవది నగరములోని యొక ప్రైవేటు శిక్షణాలయమువారి రంగుల కాగితము. అందు ఆరు మాసముల చదువు, లక్షన్నర రూపాయలు, ఉద్యోగము ఖాయము! కుమారుడు "ఇప్పు డెందుకీ గొడవ" అనుచున్నాడట. మామగారు ఔనని గాని కాదని గాని అనరట. ఈమెయే తన నాలుగు బంగారు గాజులు కుదువబెట్టి కోడలిని ఆ రెండవ చోటికి పంపుదునా యని యోచించుచు, ఈ విద్య యేమిటో, ఆడపిల్లకు అక్కఱకు వచ్చునో రాదో విడమఱచి వ్రాయుమని యడిగిరి. జాబు చివర ఒక చిన్న వాక్యమును చేర్చిరి. ఈ పిల్ల మా యింట కాలుపెట్టిన యేడే మా పాడిగేదె చచ్చినది, అయినను నేనామెను ఒక్కమాట అనలేదు, అని.

అక్కగారూ, ఆ గేదె సంగతికి కొంచెము తరువాత వచ్చెదను. మీ ప్రశ్నకు సగము జవాబు దానిలోనే యున్నది.

డేటా యనగా సేకరించి పెట్టుకొన్న వివరములు. మన పండితులు దానికి దత్తాంశమని పేరు పెట్టిరి. పేరు క్రొత్తది గాని పని పాతదే. పాలవాడు పోసిన పాలకు గోడమీద బొగ్గుతో గీతలు గీచిన మన అమ్మమ్మలు దత్తాంశమును సేకరించినవారే. నెలాఖరున ఆ గీతలు లెక్కించి, పండుగ నెలలో పాలు ఎక్కువ పట్టినవి గనుక వచ్చే యేడు ముందుగనే చెప్పి పెట్టవలెనని వారనుకొన్నది శాస్త్రమే. ఇంటి గోడమీద గీతలు ముప్పది. బ్యాంకుకో, రైలుశాఖకో, పెద్ద ఆసుపత్రికో అవి కోట్లు. అన్ని కోట్ల గీతలను వ్రేళ్లతో లెక్కింపలేము గనుక కంప్యూటరు కావలసివచ్చినది. గణితము, సంఖ్యాశాస్త్రము, కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయు నేర్పు, ఈ మూడును కలిసినదే మీ కోడలు కోరెడి విద్య. ఆమె నిద్రలో గూడ "పైథాన్" అని పలవరించుచున్నదని వ్రాసితిరి. పాము కలలోనికి వచ్చినదని దిష్టి తీయకుడు. అది కంప్యూటరుకు ఆజ్ఞలు వ్రాయు భాషలలో నొకదాని పేరు.

అన్నము ఉడికినదో లేదో చూచుటకు గిన్నెడు అన్నమును తినిచూడము. ఒక్క మెతుకు పట్టి చూతుము. ఊరంతటిని అడుగకుండ కొందఱిని మాత్రమే అడిగి ఊరి సంగతి తెలిసికొనుటయు నిట్టిదే. అయితే అడుగున మాడి పైన పలుకుగా నున్న గిన్నెలో పైమెతుకు పట్టి చూచి లాభమేమి? గరిటెతో కలిపి, నాలుగు చోట్ల పట్టి చూడవలెను. చేతిలో ఫోను ఉన్నవారినే అడిగి దేశమంతయు ఇట్లనుచున్నదని ప్రకటించువారు పైమెతుకు పట్టినవారే. మీ యూరి జలాశయమునే తీసికొనుడు. దేవాదుల ఎత్తిపోతల పథకముచే గోదావరి నీళ్లు వచ్చి చేరు ఆ నీటిలో, సగటు లోతు ఇంతే గదా యని ఈతరానివాడు దిగవచ్చునా? గట్టున చీలమండ తడియని చోటును, నడుమ నిలువు మునిగెడి చోటును కలిపి భాగించినదే గదా సగటు! ఇట్టి శిక్షణల ఆరంభ పాఠములు సాధారణముగా ఈ సంగతులనే చెప్పును. మీకును నాకును తెలియనివి కావు, పేర్లే తెలియవు.

ఇప్పుడు గేదె. కోడలు వచ్చినది, గేదె చచ్చినది, రెండును ఒకే యేడు. రెండు సంగతులు కలిసి జరిగినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణము కాదనుట ఈ శాస్త్రమున మఱువరాని పాఠము. నిజము తేలవలెనన్న ఏమి చేయవలెను? ఆ యేడు ధర్మసాగర్‌లో కోడలు వచ్చి గేదె చచ్చిన యిండ్లెన్ని, కోడలు వచ్చియు గేదె బ్రతికిన యిండ్లెన్ని, కోడలు రాకయే గేదె చచ్చిన యిండ్లెన్ని, కోడలును రాక గేదెయు చావని యిండ్లెన్ని, ఈ నాలుగు గడులను నింపి సరిచూడవలెను. మనము మొదటి గడిని మాత్రమే జ్ఞాపకముంచుకొందుము. తక్కిన మూడు గడులను ఎవరును అడుగరు. ఆ మూడు గడులను అడుగని నోళ్లవలన ఎందఱు ఆడపిల్లలు జీవితాంతము "కాలు మంచిది కాదు" అనిపించుకొనిరో! మా వీధిలోనే యొక యిల్లాలు ఆ మాటను నలువదియేండ్లు మోసినది. మీరు ఒక్కమాట అనలేదంటిరి, సంతోషము. కాని నాకు వ్రాసితిరి గదా! ఆ వాక్యమును మనసులోనుండియు కొట్టివేయుడు.

డబ్బు సంగతికి ముందు ఒక తల్లి కథ చెప్పెదను. సంఖ్యాశాస్త్రమున ప్రపంచమంతట పేరెన్నికగన్న తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. 1920 సెప్టెంబరు 10న, నేడు కర్ణాటకలోనున్న హడగలిలో పుట్టిరి. పదిమంది బిడ్డలలో ఎనిమిదవవారు. అష్టమసంతానము గనుక కృష్ణుని పేరు పెట్టిరి. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, నూనెదీపము వెలిగించి, ఆయనను చదువునకు కూర్చుండబెట్టెడివారు. ఆ సంగతి ఆయనయే తన గ్రంథమొకదానిని తల్లికి అంకితమిచ్చుచు వ్రాసికొనిరి. ఆ కాలమున అట్టి దీపములు ఎక్కువగా మగపిల్లల ప్రక్కనే వెలిగెడివి. ఆ మాట అటుంచుదము.

ఆయన విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. ముగించిరి. ఉద్యోగము దొరకలేదు. అది యుద్ధకాలము. సైన్యమువారికి గణితము తెలిసినవారు కావలెనని విని కలకత్తాకు పోగా, వయసు చాలదని పంపివేసిరి. అక్కడ బసచేసిన చోట పరిచయమైన యొకరు, మహలనోబిస్ పండితుడు 1931లో స్థాపించిన భారత గణాంక సంస్థలో శిక్షణ పొందుచుండిరి. ఆ సంస్థను చూచి వచ్చి, తానును అందు చేరవలెననుకొనిరి. కలకత్తాలో నుండుటకు నెలకు సుమారు 30 రూపాయలు కావలెను. ఇంటికి వచ్చి తల్లితో చెప్పగా, డబ్బు ఏదో విధముగ సమకూర్చెదను, నీవు పొమ్మనెను. 1941 జనవరి 1న ఆయన ఆ సంస్థలో చేరిరి. పరిశోధన కేంద్రములో శిక్షణ యనగా అదియే, అక్కగారూ. మీ మొదటి కాగితములోని దానికి పూర్వరూపము. నాలుగేండ్ల తరువాత, 1945లో, ఆయన ప్రకటించిన వ్యాసములోని సిద్ధాంతములను నేటికిని సంఖ్యాశాస్త్ర విద్యార్థులు వారి పేరుతోనే చదువుచున్నారు. ఉన్న వివరములనుండి ఎంత కచ్చితముగ ఊహింపవచ్చునో, ఆ కచ్చితమునకు హద్దు ఎక్కడనో వారు చూపిరి. 2023లో వారికి అంతర్జాతీయ గణాంక బహుమతి వచ్చినది. ఆ యేడే ఆగస్టు 22న, 102 ఏండ్ల వయసున అమెరికాలో కన్నుమూసిరి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రాంగణమున వారి పేర ఒక పరిశోధన సంస్థ 2007లో నెలకొల్పబడినది.

ఇక మీ కాగితములు. మొదటిదానిని చూచితిని. చాలమంది ఎంత రుసుము, ఎన్ని దినములు అని చూతురు గాని, "ఎవరి కొఱకు" అను పంక్తిని చూడరు. మీ యూరినుండి కాజీపేట మీదుగ హనుమకొండకు పోవు దారిలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. 1959 అక్టోబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయే 2002లో ఆ పేరు దాల్చినది. అచ్చటి ఎలక్ట్రానిక్స్, ఐ.సి.టి. అకాడమీ ఈ విద్యలో శిక్షణలు నడపినది; కాని వానిలో పెక్కు కళాశాల అధ్యాపకుల నుద్దేశించినవి. మీరు పంపిన ప్రకటనలోను, పైథాన్ కొంత వచ్చియుండవలెనని చిన్న అక్షరములలో నున్నది. ఏమియు రాకుండ పోయిన పిల్ల రెండవ దినముననే చిన్నబోవును. ఐదు దినములలో ఎవరును పండితులు కారు. ఆవకాయను సయితము మూడవనాడు తిరుగ కలపవలెను గదా! అయినను ఇట్టి చోటికి పోయిన, తనవంటి నలుగురిని చూచును. తన సందేహమును పెద్ద పండితుని ఎదుట అడుగుట నేర్చును. అది పుస్తకములో దొరకదు. అందు "హాకథాన్" అని యొకటి వ్రాసిరి. అది రాత్రింబవళ్లు కూర్చుండి జట్టుగా పని ముగించెడి పోటీ. రాత్రి బస ఎక్కడ, ఆడపిల్లల వసతిగృహము కలదా యని ముందుగ అడుగుడు. తోడుగ ఇంకొక పిల్లను చూడుడు. అడిగిన పిదప వద్దనవచ్చును గాని, అడుగకయే వద్దనకుడు.

అంతకుముందు ఇంటనే నేర్వదగినది చాలగలదు. కేంద్ర ప్రభుత్వమువారు 2017లో ప్రారంభించిన "స్వయం" అను విద్యావేదికలో పాఠములు ఉచితము. అందు మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యులు చెప్పిన "పైథాన్ ఫర్ డేటా సైన్స్" నాలుగు వారములది, "డేటా సైన్స్ ఫర్ ఇంజనీర్స్" ఎనిమిది వారములది. యోగ్యతాపత్రము కావలెనన్న వారు మాత్రమే రుసుము కట్టి, పరీక్షాకేంద్రమునకు పోయి వ్రాయవలెను. ఇంకను దూరము పోదలచిన, అదే ఐ.ఐ.టి.వారు ఇంటినుండి చదువదగిన డేటా సైన్సు పట్టమునే నడపుచున్నారు. పండ్రెండవ తరగతి ముగించి, పదవ తరగతిలో గణితము, ఇంగ్లీషు చదివినవారు చేరవచ్చును. వయసు హద్దు లేదు. మొదట నాలుగు వారముల పాఠములు చెప్పి, అందు పరీక్ష పెట్టి, నెగ్గినవారిని చేర్చుకొందురు. ఆదాయము తక్కువైన కుటుంబములకు రుసుములో రాయితీ కలదు. నడుమ ఆపవలసివచ్చినను, పూర్తిచేసిన మెట్టుకు తగిన పత్రమిత్తురు. కాన్పులు, పండుగలు, పెద్దల అనారోగ్యములు గల మన యిండ్లకు ఈ ఏర్పాటు మిక్కిలి అనుకూలము.

రెండవ కాగితమును గూర్చి సంకోచింపక చెప్పెదను. "ఉద్యోగము ఖాయము" అను మాట ఏ మంచి విశ్వవిద్యాలయమును వ్రాయదు. నా బంధువుల పిల్ల యొకతె ఇట్టి చోట లక్ష రూపాయలు కట్టినది; పాఠము చెప్పువారు నెలకొకరు మారిరి, చివరకు ఎక్కడనైనను ఉచితముగ దొరకెడి పాఠములనే చూడుమనిరి. పోయిన యేడు చదివిన పిల్లల పేర్లు వారినడిగి, వారు చూపినవారితోనే కాక, మీ అంతట మీరు వెదకిన ఇద్దఱితో మాటలాడుడు. రుసుము తిరిగి యిచ్చు షరతును వ్రాతమూలకముగ నడుగుడు. మఱియొక నిజము. ఈ విద్య నేర్చిన వారందఱకును ఉద్యోగములు కాచుకొని యుండవు. పోటీ చాల హెచ్చు. పత్రము చూపినంతమాత్రమున ఎవరును పిలువరు, చేసిన పని చూపవలెను.

ఆడపిల్లకు అక్కఱకు వచ్చునా యంటిరి. ఆడపిల్ల ఈ విద్యకు అక్కఱకు వచ్చునని నా యభిప్రాయము. 2019లో మన ప్రభుత్వమువారు దేశమంతట మొదటిమారు, ఎవరు దినమున ఏ పనికి ఎంత కాలము వెచ్చింతురో లెక్క తీసిరి. కూలిలేని ఇంటిపని చేయువారిలో ఆడువారు దినమునకు 299 నిమిషములు, మగవారు 97 నిమిషములు వెచ్చించుచున్నారని తేలినది. 2024లో మరల లెక్కింపగా 289, 88 అయినది. ఇన్ని దశాబ్దులు మనలను "ఏమి పని చేయుచున్నావు" అని యడుగగా "ఏమియు లేదు, ఇంటనే" అని జవాబు చెప్పుచు వచ్చితిమి. వ్రాసికొనువారును అట్లే వ్రాసికొనిరి. దాదాపు ఐదు గంటలు ఎవరి పుస్తకమునను ఎక్కలేదు! ఏ ప్రశ్న అడుగవలెనో తెలిసినవారు లెక్కవేయు చోట కూర్చుండనిదే ఇట్టివి బయటపడవు. నేడు అప్పు ఎవరికీయవలెనో, కొలువునకు ఎవరిని పిలువవలెనో పాత వివరములను చూచి యంత్రములు సలహా చెప్పుచున్నవి. పాత పుస్తకములో లేని ఆడుదానిని యంత్రము మాత్రమేమి గుర్తించును? పొయ్యి దగ్గఱ నిలిచిన పిల్లకు తట్టెడి ప్రశ్న, నిలువనివానికి తట్టదు.

కాబట్టి అక్కగారూ, గాజులు చేతికే యుండనిండు. ముందు పది పదునైదు రూపాయల నోటుపుస్తకమొకటి కొని కోడలి చేతికీయుడు. ఒక నెల దినములు ఇంటికి నీళ్లు వచ్చిన వేళ, నిండిన బిందెలు, కొళాయి దగ్గఱ వేచిన నిమిషములు వ్రాయుమనుడు. ఒక్క దినమును విడువరాదు. విడిచినచో విడిచితినని వ్రాయవలెను గాని ఊహించి నింపరాదు. పాఠములతోపాటు ఇది చేసి, నెల చివర ఆ అంకెలను కంప్యూటరులో పెట్టి ఏమి కనబడినదో చూడవలెను. నెల గడచిన పిదప కూడ ఆమెకు విసుగు పుట్టకున్నచో స్వయం పాఠములు ముగించుకొని ఆ పరిశోధన కేంద్రమువారి మఱుసటి శిక్షణకు దరఖాస్తు పెట్టనిండు. అప్పుడు రుసుము మీ అబ్బాయి కట్టవచ్చును. అన్నట్లు ఆ పుస్తకములో, బిందెలు మోసినవారెవరో తెలుపుటకు ఒక వరుస విడిచి పెట్టుమనుడు. నిండిన పుస్తకమును నాకును ఒకసారి పంపింపుడు; చూడవలెనని యున్నది.