ఎత్తు పెంచిన జీపు

సండూరు కొండదారులకని మా బావమరిది తన పాత జీపును నాలుగంగుళాలు ఎత్తు చేయించినాడు. నాటినుండి అరవై కిలోమీటర్ల వేగం దాటితే వెనుకనుండి ఒకటే వణుకు. చక్రాల బాలెన్సు అన్నారు, టైర్లు అన్నారు. రెండూ అయినవి, డబ్బూ అయినది; వణుకు పోలేదు.

ఒక ఆదివారం మేమే టేపు పట్టుకొని బండి క్రింద దూరాము. ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడిమి దూరం కుడికన్న ఎడమన ముప్పాతిక అంగుళం తక్కువ! యూ బోల్టులు వదులై, కమాను కట్ట సెంటరు బోల్టు తెగి, ఆ ప్రక్క ఇరుసు ముందుకు జారింది. మొన్న పిల్లలతో ఘాటు రోడ్డు దిగినది ఈ బండిలోనే!

బోల్టులు మార్చినా వణుకు కొంత మిగిలింది. యాక్సిలరేటరు వదలగానే తగ్గుతున్నది గనుక చక్రాలది కాదు, షాఫ్టుదని పట్టుకున్నాము. (చక్రం బేరింగు అయితే మలుపులో హోరు మారుతుంది.) బండి లేచినకొద్దీ షాఫ్టు వాలు పెరుగుతుంది. గేరుబాక్సు కొసా, వెనుక డిఫరెన్షియల్ ముక్కూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, మావి లేవు. కమానుకూ ఇరుసుకూ నడుమ ఏటవాలు ఉక్కు బిళ్ళలు పెట్టించగా కుదిరింది.

కొత్త యూ బోల్టులను నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించాలి. ఎత్తు పెంచినవారు ఆ మాట చెప్పలేదు. బిల్లు మాత్రం వెంటనే ఇచ్చారు.