భూమికి 1/70 ఉంది, గూగుల్‌లో మన పేరుకి ఏముంది?



పాడేరు వైపు మనవాళ్ళు కాఫీ, తేనె, పసుపు అమ్ముకోవడానికి పెట్టిన చిన్న వెబ్‌సైట్ గూగుల్‌లో కనపడట్లేదు. అందుకని అందరం చందాలు వేసుకుని సిటీలో ఒక ఎస్ఈఓ ఏజెన్సీకి ఇద్దామని గ్రూపులో చర్చ నడుస్తోంది. "మొదటి పేజీ గ్యారంటీ" అన్నారట. మేము దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తున్నాం. ఎందుకో చెప్తాం, చివరిదాకా చదవండి.

బాధ నిజమే, కాదనట్లేదు. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఫోన్‌లో "అరకు కాఫీ" అని కొట్టి చూడండి. పండించే ఊళ్ళ వాళ్ళు సొంతంగా అమ్ముకునే పేజీ ఎక్కడ తగులుతుందో మీరే లెక్కపెట్టండి. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. అరకు పేరు ఎవరు వాడుకోవచ్చో చెప్పడానికి జీఐ ఉంది. కానీ వెతికినప్పుడు ఎవరు ముందు కనపడాలో చెప్పే చట్టం ఏదీ లేదు. అక్కడ పని చేసినవాడిదే ముందు వరుస. మరి ఆ పని ఎవరు చెయ్యాలి? మన ఏజెన్సీ కోసం ఇంకో ఏజెన్సీయా?

ముందు ఆ గ్యారంటీ సంగతి చూద్దాం. మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే తన సూచనల్లో రాసి పెట్టింది. డబ్బు తీసుకుని మామూలు ఫలితాల్లో ఎవరినీ పైకి జరపదు. డబ్బు కడితే వచ్చేది ప్రకటన. దాని మీద స్పాన్సర్డ్ అని ఉంటుంది, డబ్బు ఆపిన రోజు అదీ ఉండదు. తన చేతిలో లేనిదానికి హామీ ఇచ్చేవాడికీ సంతలో దండి కొట్టే షావుకారుకీ తేడా ఏంటి?

ఇలాంటి గ్యారంటీ వాళ్ళు చేసే పనులేంటో కూడా తెలుసుకోండి. పేజీ వెనక కీవర్డ్స్ ట్యాగ్ నింపుతారు. దాన్ని ర్యాంకింగ్‌లో లెక్కలోకి తీసుకోవట్లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఎక్కడెక్కడి సైట్ల నుంచో లింకులు కొంటారు. అది గూగుల్ నియమాలకి విరుద్ధం. 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చింది ఇలాంటి లింకుల మీదే. దొరికితే సైట్ కిందకి పోతుంది. నష్టం మనకి, ఫీజు వాళ్ళకి.

ఇంకో పెద్ద ప్రమాదం ఉంది. డొమైన్ ఎవరి పేరున రిజిస్టర్ అవుతుంది? పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గర ఉంటాయి? "అన్నీ మేం చూసుకుంటాం" అంటే అర్థం, సాగు మనది, పట్టా వాళ్ళది. బినామీ అంటే ఏంటో మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

అందరూ మోసగాళ్ళే అనట్లేదు. నిజాయితీగా చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు గ్యారంటీ ఇవ్వరు, ఏ పేజీలో ఏం మారుస్తారో ముందే చెప్తారు, ఫలితానికి నెలలు పడుతుందంటారు. కానీ వాళ్ళు చేసే పనిలో సగం పైన మనమే చేసుకోవచ్చు.

ఎలా అంటారా? మొదటిది, ప్రతి పేజీకీ దాని టైటిల్ దానికి ఉండాలి. అన్నిటికీ "హోమ్" అని ఉంటే లోపల ఏముందో ఎవరికి తెలుస్తుంది? "పాడేరు పసుపు, అర కిలో", "చింతపల్లి రాజ్మా", "కొండ చీపుర్లు" అని జనం వెతికే మాటలే పెట్టాలి. రెండోది, ధరల పోస్టర్ ఫొటో తీసి పెట్టి వదిలెయ్యకండి, అక్షరాలుగా రాయండి. ఫొటో కింద అదేంటో ఒక వాక్యం రాయండి. మూడోది, సైట్ ఫోన్‌లో త్వరగా తెరుచుకోవాలి. గూగుల్ చూసేది ముందుగా ఫోన్‌లో కనపడే పేజీనే. నాలుగోది, సెర్చ్ కన్సోల్ ఉచితం. మన పేజీల్లో ఏవి గూగుల్‌కి ఎక్కాయో, ఏ మాట వెతికితే వచ్చామో అందులో కనపడుతుంది. కొనేవాళ్ళు నేరుగా వచ్చే కొట్టు ఉంటే బిజినెస్ ప్రొఫైల్ కూడా ఉచితమే, మ్యాప్‌లో కనపడతాం. రివ్యూలు మాత్రం నిజంగా కొన్నవాళ్ళే రాయాలి, మనం మనం రాసుకోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఐదోది. వేరే ఎవరూ రాయలేనిది రాయాలి. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ ఎలా పెరుగుతుంది, ఆ చెట్లకే మిరియం తీగ ఎందుకు పాకిస్తాం, ఎర్రబడ్డ పండే ఎందుకు ఏరాలి, ఏరిన రోజే పల్పింగ్ చెయ్యకపోతే రుచి ఏమవుతుంది. ఇవి సిటీలో కూర్చుని రాసేవాడు ఇంకొకరి పేజీ చూసి కాపీ కొట్టాల్సిందే. మన అమ్మానాన్నలకి చేతివేళ్ళ మీద ఉన్న విద్య ఇది. కొనేవాడు వెతికేది కూడా ఇదే. దాన్ని తెలుగులో ఒక పేజీ, ఇంగ్లీషులో ఒక పేజీ రాస్తే చాలు. చదివినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు పంచుకుంటే వచ్చే లింకులే అసలు లింకులు.

"ఇవన్నీ మనకి రావు" అంటారు కొందరు. బీటెక్, డిగ్రీ చదివినవాళ్ళు ఈ గ్రూపులో ఎంతమంది లేరు! రాత్రి రెండింటి దాకా రీల్స్ చూడటం వచ్చినప్పుడు ఇది రాదా? "ఊళ్ళో సిగ్నల్ లేదు" అంటారు. నిజమే. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఫొటోలు తీసి, వివరాలు నోటుబుక్కులో రాసి సంత రోజు పాడేరులో అప్‌లోడ్ చెయ్యండి. విశాఖ, హైదరాబాద్ హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు పేజీలు తయారుచెయ్యండి.

రేపు గ్యారంటీ ఫోన్ వస్తే అడగాల్సినవి మూడే. లింకులు ఎక్కడి నుంచి తెస్తారు? డొమైన్ ఎవరి పేరున ఉంటుంది? గ్యారంటీ తప్పితే డబ్బు తిరిగి ఇస్తామని కాగితం మీద రాస్తారా? సమాధానం రాకపోతే చందా డబ్బు మన దగ్గరే ఉంచుదాం. ఆ డబ్బుతో డొమైన్ మన సంఘం పేరున రెన్యువల్ చేయించుకుందాం.

టైటిళ్ళు ఎవరు రాస్తారు, పసుపు పేజీ ఎవరు, తేనె పేజీ ఎవరు? కామెంట్లో మీ పేరు, ఊరు పెట్టండి. పెద్దవాళ్ళు పండించారు. ఆ పంటకి మన ఊరి పేరుతో చిరునామా రాసే పని మనది.

జై ఆదివాసీ!