సడకు అంచున మూడడుగుల చోటు

ఆదివారమునాడు తెల్లవాఱక మునుపే చౌటుప్పలవద్ద విజయవాడ సడకు ప్రక్కన నిలిచి చూచువారికి రెండు విధములైన సైకిళ్లు కానవచ్చును. ఒకటి నగరమునుండి వచ్చునది. నడుపువాని తలపై హెల్మెట్టు, ముందు తెల్లదీపము, వెనుక ఎఱ్ఱదీపము, చక్రమునకు పెక్కు గేర్లు. దాని వెల విన్నచో మన పల్లెటూరి రైతు ఆ సొమ్ముతో ఎడ్లజత కొనవచ్చునే యనును. రెండవది నారాయణపురము వైపునుండి వచ్చునది. దానికి దీపము లేదు, గేర్లు లేవు, వెనుక ఇరువైపుల పాలక్యానులు వ్రేలాడుచుండును. మొదటివాడు గుట్టలు చూచుటకై పోవుచున్నాడు. రెండవవాడు గుట్టలనుండి బ్రతుకుతెరువునకై వచ్చుచున్నాడు. వెనుకనుండి లారీ కూత వినబడగానే ఇద్దఱికిని ఒక్కటే గతి: తారు అంచునుండి జానెడు దిగువనున్న కంకరలోనికి దిగుట, దిగి పడకుండ నిలువ యత్నించుట. ఈ ఇద్దఱికిని కావలసిన బాట ఒక్కటే యని నేడు మేము చెప్పదలచుచున్నాము.

పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు 2016లోను 2019లోను విభజింపబడి నేడు ఎనిమిది జిల్లాల పేర్లతో నున్నవి; కొన్ని భాగములు పొరుగు జిల్లాలలో కలిసినవి. పటమున గీతలు మాఱినవిగాని గుట్టలు మాఱలేదు. సైకిలు త్రొక్కువానికి ఈ నేల ఎంత అనుకూలమో మనవారిలో పెక్కురు గమనింపలేదు. కోస్తావలె ఇది చాప పఱచినట్లుండు నేల కాదు. హిమాలయములవలె దినమంతయు ఎక్కవలసిన నేలయు కాదు. ఇచ్చట గుట్టమీద గుండు, గుండుక్రింద వాలు, వాలుక్రింద చెఱువు, కట్టక్రింద వరిమడి, దాని ప్రక్కన ఊరు. కాకతీయులనాటినుండియు మన పెద్దలు వాననీటి జాడను బట్టి చెఱువులు కట్టిరి. చెఱువులను బట్టి ఊళ్లు వెలసెను. ఊళ్లను బట్టి బండ్లబాటలు పడెను. ఆ బండ్లబాటలే పెక్కుచోట్ల నేటి తారు సడకులు. కావున ఇచ్చటి ఎక్కుడు చిన్నది. ఎక్కినవానికి దిగుడు వెంటనే కలదు. దిగినచోట నీరును, చింతచెట్టు నీడయు, చాయ దుకాణమును కలవు. ఎద్దు అలసట నెఱిగి వేసిన బాట మనిషి కాలికి సరిపోవుటలో వింత లేదు.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడకు పథకమువలన ఇట్టి బాటలకు అనేకములకు తారు పడెను. వాని వెడల్పు సాధారణముగా 3.75 మీటర్లు. లారీకి అది ఇఱుకుసందు; సైకిలునకు రాజమార్గము.

భువనగిరి ఏకశిలాదుర్గము క్రిందినుండి బయలుదేఱి పోచంపల్లి, చౌటుప్పల, సంస్థాన్ నారాయణపురము మీదుగా రాచకొండకు పోవు దారిని తీసికొందము. పోచంపల్లిలో ఇంటింట మగ్గపు చప్పుడు వినబడును. అది మోటారు అద్దములలోనికి చొరదు, సైకిలువానికి మాత్రమే దక్కును. ఆ ఊరికి 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు కాలినడకను వచ్చిరి. భూమిలేనివారు తమకు 80 ఎకరములు కావలెనని ఆయనకు విన్నవించుకొనిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములు ఇచ్చెదననిరి. భూదానోద్యమము అచ్చట పుట్టెను. వినోబాగారు మోటారులో దుమ్ము రేపుకొని పోయియున్నచో ఆ విన్నపము ఆయన చెవిని పడియుండునా? నడకకు తమ్ముడు సైకిలు. వేగము తగ్గినకొలదియు మనుష్యులు కానవత్తురు.

రాచకొండ రేచెర్ల పద్మనాయకుల రాజధాని. సర్వజ్ఞ బిరుదాంకితుడైన సింగభూపాలుని పేర సాహిత్యము చదివినవారందఱును దాని నెఱుగుదురు. చూచినవారు మాత్రము కొలదిమంది. నేడచ్చట మిగిలినవి కోటగోడలు, శిథిలములైన గుడులు, సీతాఫలపు పొదలు. గత శీతకాలమున మేము ఆ ఎక్కుడున సైకిలు దిగి త్రోసికొని నడచుచు కొంత సిగ్గుపడుచుండగా, మోకును ముస్తాదును సైకిలునకు కట్టుకొని తానును త్రోయుచు వచ్చిన యొక గీతపనివాడు మమ్ము ఓదార్చెను. "దిగి నడిస్తె తప్పేమున్నది సారూ? ఎక్కంగ నడుస్తం, దిగంగ ఎక్కుతం, గంతే" అనెను. మఱి భయమెచ్చట నని యడుగగా, "గుట్టతోని భయం లేదు, టిప్పర్లతోనే" అని క్రిందికి చూపెను. కంకర మిల్లులకు రాయి మోయు బండ్లు 3.75 మీటర్ల బాటపై నెదురుపడినపుడు సైకిలువాడు ముండ్లపొదలోనికి పోవలసినదే. సడకు ఎవరికొఱకు వేసితిమో వారినే అది వెలుపలికి నెట్టుచున్నది.

రెండవ దారి దీర్ఘమైనది. నల్లగొండవద్ద ముందుగా పానగల్లు ఛాయాసోమేశ్వరాలయమును చూచి, మరల పట్టణము చేరి, దేవరకొండ త్రోవ పట్టవలెను. దేవరకొండలో దుర్గము కలదు. 1931లో బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతన రెండవ ఆంధ్రమహాసభ జరిగినది యీ యూరనే. ఆవల డిండి జలాశయము, అచ్చంపేట, కొండచరియను ఉమామహేశ్వరము, ఘాటు ఎక్కినంతట మన్ననూరు. అంతవఱకు తోడువచ్చిన గుండురాళ్లు ఇచ్చట నిలిచిపోవును; పొరలుపొరలుగానున్న నల్లమల రాయి మొదలగును. చక్రము కూడ ఇచ్చటనే నిలువవలెనని మా యభిప్రాయము. ఆవల 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యము కలదు. రాత్రివేళ ఆ యడవిలో శ్రీశైలము సడకుపై బండ్లను ఆపుట మంచిపనియే. పులికిని, తరతరములుగా అచ్చటి పెంటలలో నివసించు చెంచులకును ఇంకొక వినోదయాత్రతో పనిలేదు. అడవి అంచువఱకు పోయి వెనుకకు మఱలుటయు యాత్రయే.

మహబూబునగరము నుండి మన్యంకొండ, కోయిల్‌సాగరు మీదుగా కోయిలకొండ కోటకు పోవు దారి నిచ్చట వర్ణింపము. పాలమూరు పాఠకులు మాకంటె దానిని బాగుగ నెఱుగుదురు. ఒక్కమాట మాత్రము. ఆ పట్టణపు పిల్లలమఱ్ఱి కొమ్మ 2017లో విఱిగిపడగా, చెదలు చంపుటకై 2018లో ఆ వృక్షమునకు సెలైను సీసాలు కట్టి మందు ఎక్కించిరి. చెట్టును చూడవచ్చినవారికి సదుపాయములు చేయుటలో చెట్టును మఱచుట మనకు అలవాటు. సైకిలు బాటల పేరిట గుట్టల నడుమ విడిదిమందిరములు లేపవలెనని ఎవరైన తలంచినచో ఆ సీసాలను ఒకమాఱు జ్ఞాపకము చేసికొందురుగాక.

ఇంతవఱకు కోటలు చెప్పితిమి. అసలు యాత్రికురాలు వేఱొకతె. దేవరకొండ, చందంపేట గుట్టల నడుమనున్న లంబాడీ తండాలనుండి పెద్ద బడికి పోవలసిన బాలిక యామె. బడి దూరమైనకొలది తండ్రి మనస్సు మానిపించుటకే మొగ్గును. బీహారు ప్రభుత్వము 2006లో 9వ తరగతి బాలికలకు సైకిళ్లిచ్చుట మొదలిడెను. తరువాత పరిశోధకులు లెక్కచూడగా ఉన్నతపాఠశాలలలో బాలికల చేరిక 32 శాతము పెరిగెననియు, బడి 3 కిలోమీటర్లు, అంతకుమించి దూరమైన పల్లెలలో లాభము అధికమనియు తేలెను. తమిళనాటి పుదుక్కోటలో 1991 ప్రాంతమున అక్షరాస్యతోద్యమముతోపాటు వేలకొలది స్త్రీలు సైకిలు నేర్చిరి. అక్షరమును చక్రమును ఒకే పాఠమైనవి. మన ప్రాంతమున ఆ పని జరుగవలెనన్న సైకిలు కొనియిచ్చుట చాలదు. కొనియిచ్చిన సైకిలును టిప్పరు క్రిందికి పంపమని ఏ తల్లితో చెప్పగలము? 2022లో మన దేశపు సడకులపై 1,68,000 మందికి మించి మరణించిరి. ఈ లెక్క తెలిసిన తల్లి భయపడుటలో తప్పేమి?

ప్రభుత్వమువారు సైకిలును మఱచిరని యనజాలము. నగరపు బాహ్యవలయ సడకు ప్రక్కన 2023 అక్టోబరు 1న 23 కిలోమీటర్ల సైకిలు బాటను తెఱచిరి. 4.5 మీటర్ల వెడల్పు, నెత్తిపై ఎండ తగులకుండ సూర్యశక్తి పలకల కప్పు! మేము దానిని నిందింపము. నగరవాసి కాలు కదపుట మంచిదే. కాని కార్యాలయములో కూర్చుండి అలసినవాని వ్యాయామమునకు కప్పువేసిన ధనాగారమునుండి, పాలు పోయుటకు ముప్పది కిలోమీటర్లు త్రొక్కువాని బాట అంచునకు తట్టెడు మొరము రాకుండుట యేమి న్యాయము?

మొరమనుట ఉపమానము కాదు. తారు పాడైనప్పుడెల్ల పాతపొరపై క్రొత్తపొర పోయుచున్నారు. సడకు ఎత్తు పెరుగుచున్నది, అంచు అట్లే యుండుచున్నది. పదియేండ్లలో ఆ జానెడు గుంట ఏర్పడుట ఇట్లే. తారుతోపాటు అంచున మొరము పోసి, దిమ్మిసకొట్టి, తారుతో సమము చేయుటకు పెద్ద వ్యయము కాదు. పెద్ద సడకులమాట వేఱు. నాలుగు వరుసల నడుమ గోడకట్టి దాటుచోటును ఎక్కడో దూరమున విడిచినచో, ప్రక్క పొలమునకు పోవలసిన రైతు ఎదురుదిక్కున సైకిలు నడపక ఏమిచేయును? తప్పు అతనిదని జరిమానా వేయుట సులభము. క్రొత్తగా వెడల్పుచేయు ప్రతి సడకుకును సైకిలునకై మూడడుగుల చోటును, ఊరూర దాటుబాటను నక్షాలోనే చూపవలెను. చెట్ల సంగతియు అంతే. చేవెళ్ల సడకుపై తొమ్మిదివందల మఱ్ఱిచెట్లకై పౌరులు హరిత న్యాయస్థానమునకు పోవలసివచ్చెను. నీడలేని సడకుపై వైశాఖమున సైకిలు త్రొక్కుమనుట శిక్ష.

"సైకిలు కాలము పోయినది, అందఱికిని మోటారుసైకిళ్లు వచ్చినవి" అనువారు కలరు. అట్లాసు సైకిళ్ల సాహిబాబాదు కర్మాగారము 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినమునాడే, మూతపడిన మాటయు నిజమే. కాని పెట్రోలు కొనలేనివారును, బండి నడుపు వయస్సు రాని బాలురును ఆ దినమున మాయము కాలేదు.

నగరపు యాత్రికులతోను ఒకమాట. 1891లో ఫ్రాన్సుదేశమున మొదలైన పారిసు–బ్రెస్టు–పారిసు యాత్రలో 1,200 కిలోమీటర్లు 90 గంటలలో ముగించుటకై మన హైదరాబాదువారును సాధన చేయుచున్నారు, సంతోషము. ఆ దేశపు పల్లెవారు త్రోవలో బల్లలు వేసి యాత్రికులకు నీళ్లు, కాఫీ ఇత్తురు. వారిని తమవారిగా తలంతురు. మీరు మా గుట్టలనడుమ పోవునపుడు బుడ్డి నీళ్లును తిండియు నగరమునుండియే తెచ్చుకొని, ఫొటో తీసికొని మరలిపోవుచున్నారు. నారాయణపురమున చాయ త్రాగుడు. పోచంపల్లిలో ఒక రాత్రి నిలువుడు. అంచు గుంటలు మీరు చక్కగా నెఱుగుదురు, మీకు ఆంగ్లమున అర్జీ వ్రాయుట వచ్చును. ఆ పాలవానిచేత కూడ సంతకము చేయించి జిల్లా అధికారులకు పంపుడు. వానకాలము పోయిన తరువాత సడకుల మరమ్మతులు మొదలగును. టెండర్లు పిలువకమునుపే ఆ అర్జీ చేరవలెను.